మడతల గది తలుపు

ఫిబ్రవరి 4

అక్కా,

క్షేమంగా చేరాను. పెట్టె కూడా చేరింది గానీ, నువ్వు కట్టిన తాడు విప్పడానికి నాకు ఒక పూట పట్టింది. పుస్తకాలు కుట్టే చేత్తో పెట్టెలు కట్టకు తల్లీ.

ముందు పరీక్ష సంగతి చెప్తాను, లేకపోతే నువ్వు ఉత్తరం చివరి నుంచి చదవడం మొదలుపెడతావు. పాసయ్యాను. బల్లకు అవతల ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయన జిల్లా సూపరింటెండెంటు. ఈ చుట్టుపక్కల పాస్టర్లందరికీ పై అధికారి. సంఘ చరిత్రలో ఐదో అధ్యాయం గురించి చెప్పమన్నాడు. నేను ఐదో అధ్యాయం ఎప్పుడు చూశాను?

"అయ్యా, నేను బాయిలరులో బొగ్గు వేస్తూ చదువుకున్నవాణ్ణి. మా అక్క ప్రెస్సులో చెడిపోయిన ఫారాలు, అంటే పుస్తకం పేజీలు అచ్చయిన పెద్ద కాగితాలు, పారేస్తుంటే ఇంటికి తెచ్చేది. వాటితోనే చదివాను. ఆ అధ్యాయం ఉన్న ఫారం చక్కగా అచ్చయినట్టుంది, నాదాకా రాలేదు" అన్నాను.

ఇద్దరు నవ్వారు. సూపరింటెండెంటు నవ్వలేదు. "అయితే మీది చెడిపోయిన కాగితాల చదువన్నమాట" అన్నాడు. "అవునండీ, అందుకే ఏదైనా చెడితే నాకు ముందు కనిపిస్తుంది" అన్నాను. అనకుండా ఉండాల్సింది. నోరు ఊరుకోదు, అంతా నీ పోలికే.

మే నెలలో మన మెథడిస్టు సంఘం వార్షిక సదస్సు జరుగుతుంది. అక్కడ నా పేరు పిలిచి, నా నడవడి మీద ఎవరికైనా ఆక్షేపణ ఉందా అని అడుగుతారు. ఆక్షేపణ లేదంటే తల మీద చేతులుంచి గురుపట్టం ఇస్తారు. ఉందంటే మళ్ళీ బొగ్గే.

చర్చి చిన్నది. ముందు బల్ల లాండ్రీ యజమానిది, దాని మీద మెత్త కూడా ఉంది. ఆయన చర్చి పెద్ద. ఆస్పత్రుల దుప్పట్లూ హోటళ్ల దుప్పట్లూ అన్నీ ఆయన ఆవిరి లాండ్రీలోనే ఉతుకుతారు. అందులో పనిచేసే ఆడవాళ్ళు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు, బల్లలు ఖాళీగా ఉన్నా సరే. తడి చీరలతో వస్తారు, బల్లలు పాడవుతాయని ఎవరో ఎప్పుడో అన్నారట. "బల్ల చెక్కదే కదమ్మా, ఆరుతుంది, కూర్చోండి" అన్నాను. కూర్చున్నారు. యజమాని వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ముందుకు తిరిగాడు.

వాళ్ళలో పన్నెండుమందితో క్లాసు కూటం పెట్టాను. నీకు తెలీదు కాబట్టి చెప్తున్నాను, ఇది మన సంఘంలో పాత పద్ధతి. వారానికోసారి కూర్చుని ఒక్కొక్కరినీ "నీ ఆత్మ ఎలా ఉంది?" అని అడగాలి. చెప్పింది నేను ఒక నోటుపుస్తకంలో రాసుకుంటాను. ఆ మాట ఆ గది దాటకూడదు. మొదటి కూటం మొన్ననే అయింది. అందులో ఒకావిడ, గొంతు పెద్దదని అందరూ ఉరుము అని పిలుస్తారు, "ఆత్మ సంగతి తర్వాత అయ్యగారూ, పొద్దున్నే మమ్మల్ని దుప్పట్లు మడిచే మడతల గదిలోకి తోలి బయట తాళం వేస్తారు, సాయంత్రం తీస్తారు, అది రాసుకోండి" అంది.

రాసుకున్నాను.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 13

ఒరేయ్ తమ్ముడూ,

పరీక్ష పాసయ్యావని చదివి ఉత్తరం పట్టుకుని కంపోజింగు గదిలోకి పరిగెత్తాను. మీ బావ అక్షరాలు పేరుస్తున్నాడు, తల ఎత్తలేదు. "మీ తమ్ముడికి ఐదో ఫారం నేనే చెడగొట్టి ఇవ్వాల్సింది" అన్నాడు. ఆ మనిషి ఏడాదికి ఒక్క జోకు వేస్తాడు, ఈ ఏటి వంతు అయిపోయింది.

నేనిక్కడ పొద్దుట్నుంచి ఫారాలు మడుస్తున్నాను. మా గదికీ ఒకటే తలుపు. కానీ తెరిచే ఉంటుంది. తాళం వేస్తానని ఎవడైనా అంటే వాడి చేతులు అట్టల మధ్య పెట్టి జిగురు రాసేస్తాం. నువ్వు రాసుకుని ఊరుకున్నావా? తాళం సంగతి ఆయన్ని అడిగావా? అడక్కపోతే నువ్వు నా తమ్ముడివే కాదు.

అలాగని ఒంటికాలి మీద లేవకు. మే నెల దాకా కాస్త చూసుకుని మాట్లాడు. అమ్మ పోయినప్పుడు నీకు నాలుగేళ్ళు. చంకన వేసుకుని ప్రెస్సుకు తీసుకొచ్చి, కాగితాల కట్టల మీద పడుకోబెట్టి పెంచాను. వాళ్ళు నీ తల మీద చేతులుంచేటప్పుడు నేను ముందు వరసలో ఉండాలి. ఈ జన్మకి నేను అడిగేది అదొక్కటే. మెత్త ఉన్న బల్ల మీదే కూర్చుంటాను, ఆ యజమానిని జరగమని చెప్పు.

ఇలా ఒక పక్క అడగమనీ ఒక పక్క ఊరుకోమనీ రాస్తున్నానని నాకూ తెలుసు. నీకు తోచింది చెయ్యి.

అక్క

మార్చి 2

అక్కా,

అడిగాను. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. "పాస్టరుగారూ, తలుపు తీసి ఉంచితే దుప్పట్లు వాటంతట అవే నడుచుకుంటూ వెళ్ళిపోతాయండీ" అన్నాడు. "దుప్పట్లకు కాళ్ళుంటే మీరు తాళం వేయాల్సింది ఉతికే గదికి, మనుషులున్న గదికి కాదు" అన్నాను. కాఫీ సగంలోనే లేచి వచ్చేశాను.

మూడో రోజుకే సూపరింటెండెంటు నుంచి ఉత్తరం వచ్చింది. క్లాసు కూటంలో సంఘానికి సంబంధంలేని మాటలు నడుస్తున్నాయని తెలిసిందట. ఎవరెవరు ఏమన్నారో చూడాలి, నోటుపుస్తకం పంపమన్నాడు. అది చూపిస్తే ఆ పన్నెండుమంది పేర్లూ యజమాని బల్ల మీదికి చేరతాయి. పంపనని రాశాను. పంపకపోతే మే నెలలో ఆక్షేపణ లేపేది తానే అని ఆయనా రాశాడు. కాబట్టి అక్కా, ముందు వరస మీద ఆశ కొంచెం తగ్గించుకో.

నాకు ఆయన మీద కోపం లేదు. ఉరుము చెప్పిన మాట విన్నాక ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియడంలేదు. పోయిన నెల ఒక మధ్యాహ్నం మడతల గదిలో తలుపు పక్కనే ఆవిరి గొట్టం పగిలింది. కాపలావాడు తాళంచెవి జేబులో వేసుకుని టీకి వెళ్ళాడు. వాడొచ్చేదాకా ఆవిడే తలుపు దగ్గర నిలబడి మిగతావాళ్ళను వెనక్కి తోసింది. మోచేతుల దాకా రెండు చేతులూ కాలిపోయాయి. కూటంలో ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని, "తలుపు తట్టమని చెప్తారు కదా అయ్యగారూ ప్రసంగాల్లో. నేను తట్టాను. బొబ్బలెక్కాక కూడా తట్టాను. మరి ఎవరూ తియ్యలేదేం?" అంది.

అది కూడా నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఈ మాట నాలుగు గోడల మధ్య ఉండాల్సింది కాదక్కా, లోకమంతా వినాల్సింది.

నీ తమ్ముడు

మార్చి 12

తమ్ముడూ,

లోకమంతా వింది. దీంతోపాటు పెట్టిన కరపత్రం చూడు.

నీ ఉత్తరం చదివి నేనూ మీ బావా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన లేచి వెళ్ళి పెద్ద అక్షరాల పెట్టె తీశాడు. "తట్టాను, ఎవరూ తియ్యలేదు" అని పైన పెట్టాం. కింద సంగతంతా. ఎవరి పేరూ వెయ్యలేదులే, "రెండు చేతులూ మోచేతుల దాకా కాలిన ఒక స్త్రీ" అని మాత్రం వేశాం. ప్రెస్సు పేరు కూడా వెయ్యలేదు, మా ప్రెస్సు యజమాని చూస్తే మా ఉద్యోగాలు ఊడతాయి. మీ స్టేషన్లో పుస్తకాల కొట్టాయన మాకు పాత స్నేహితుడు. రైలు దిగిన ప్రతి మనిషి చేతిలోనూ ఒకటి పెట్టానని కబురు చేశాడు.

నిన్ను చూస్తే గర్వంగా ఉందిరా. నువ్వు చెప్పలేనిది మేం చెప్పాం.

అక్క

మార్చి 17

అక్కా,

ఎవరు వెయ్యమన్నారు నిన్ను?

ఈ ఊళ్ళో మోచేతుల దాకా చేతులు కాలిన ఆడమనిషి ఎంతమంది ఉంటారనుకున్నావు? కరపత్రం పంచిన మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర అందరి చేతులూ చూపించమన్నారు. ఆవిణ్ణి పక్కకు నిలబెట్టి, ఇక రావద్దన్నారు. మిగతావాళ్ళు లోపలికి వెళ్ళారు. తాళం వేశారు.

క్లాసు కూటానికి ఈ వారం ఎవరూ రాలేదు. పన్నెండు కుర్చీలు వేసుకుని నేనొక్కణ్ణే కూర్చున్నాను.

నీతో ఇక ఏమీ రాయాలని లేదు.

తమ్ముడు

మార్చి 23

చిరంజీవి తమ్ముడికి,

రాయాలని లేకపోతే మానెయ్. నేను మాత్రం రాస్తాను.

ఆవిడ పని పోయిందని చదివి నాకు అన్నం సహించలేదు. తప్పు నాదే. చేతుల సంగతి వెయ్యకుండా ఉండాల్సింది. కానీ ఆ గది దాటకూడని మాటను దాటించింది ఎవరు? నేనా? నీ దస్తూరీతో, నీ సంతకంతో వచ్చింది. లోకమంతా వినాలని రాసింది నువ్వు. లోకం అంటే అక్క ఒక్కతే అని కూడా రాసి ఉండాల్సింది. నువ్వు చెప్పుకుంటే బాధ, నేను చెప్తే నేరమా?

సరే, ఇప్పుడు అసలు విషయం. మీ సూపరింటెండెంటు ఉత్తరం అందింది. ఎంత మర్యాదగా రాశాడో! కరపత్రంలో ఉన్నదంతా నా కల్పన అనీ, నీకేమీ సంబంధం లేదనీ, అలాంటి ప్రమాదమే జరగలేదనీ ఒక కాగితం రాసి పంపాడు. నేను సంతకం పెడితే నీ మీద ఆక్షేపణ ఉండదట. నన్ను నోరు తెరిచి అడగలేక ఆయనతో అడిగించావు. చిన్నప్పుడూ అంతే, లడ్డూ కావాలంటే పక్కింటావిడతో అడిగించేవాడివి.

సంతకం పెట్టి పంపేశాను. మీ బావ వద్దన్నాడు. నేను వినలేదు. అబద్ధాలకోరు అక్క అయినా ఫర్వాలేదు, నువ్వు పాస్టరువి అవ్వు. నేను మాత్రం ఆ రోజు రాను.

అక్క

ఏప్రిల్ 6

అక్కా,

నేను అడిగించలేదు. ఆయన నీకు రాశాడని నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు; నువ్వు ప్రెస్సులో ఉన్నావని పరీక్ష రోజు విన్నాడుగా, దాంతో ఊహించి ఉంటాడు. నీ మీద ఒట్టు. కానీ నువ్వు అలా అనుకున్నావంటే, నేను ఆ పదిహేడో తేదీన రాసిన ఉత్తరమే కారణం. ఆ ఉత్తరం చించెయ్. దాటించింది నేనే. నువ్వు రాసింది నిజం, చదువుతుంటే చెంప మీద కొట్టినట్టుంది.

ఉరుము ఇంటికి వెళ్ళాను. వెళ్ళడానికి నాకు రెండు వారాలు పట్టింది. సిగ్గు. ఒకటే గది, కిటికీ కింద పాత ఇస్త్రీ బల్ల. ఇళ్ళ నుంచి తెచ్చుకున్న బట్టలు ఇస్త్రీ చేస్తోంది, కాలిన చేతుల్తోనే. "అమ్మా, మీ మాట మా అక్కకు రాసింది నేను. నన్ను క్షమించండి" అన్నాను.

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఆ తర్వాత అక్కా, నా జన్మలో అన్ని మాటలు పడలేదు. "నా చేతులు నావి. నా మాట నాది. మీ అక్కకి రాసేముందు నన్నడిగారా? అడగలేదు. బీదది, భయపడుతుంది, దాచిపెడదాం అనుకున్నారు. పెద్దలు దాచిపెట్టినా, మీరు దాచిపెట్టినా నా నోరు మూసినట్టే కదా? అడిగుంటే నా పేరు కూడా వెయ్యమనేదాన్ని. ఇంటిపేరుతో సహా!"

వీధిలో నలుగురు ఆగి విన్నారు. ఆ గొంతు అలాంటిది. నేను తల దించుకుని నిలబడ్డాను. కానీ దించుకున్న తలలో ఏదో వెలిగింది. నేను కాపాడుతున్నాననుకున్నాను. ఆవిడకు కావలసింది కాపలా కాదు.

మర్నాడు ఆవిడే మిగతా పదకొండుమందినీ వెంటబెట్టుకుని కూటానికి వచ్చింది. నోటుపుస్తకం కుట్టు విప్పి, ఎవరి పేజీ వాళ్ళకిచ్చేశాను. నీ తమ్ముణ్ణి కదా, ఒక్క కాగితం చిరగకుండా విప్పాను. వాళ్ళు ఆ పేజీలు పట్టుకుని మిగతా ఆడవాళ్ళ ఇళ్ళకు తిరిగారు. ఇప్పుడు ఇరవై ఏడు పేర్లు అయ్యాయి. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేశారు. అందరికంటే పైన ఉరుముది.

ఈసారి అడిగి పంపుతున్నాం. జతచేసిన కాగితం వాళ్ళు చెప్పింది చెప్పినట్టుగా ఉంది, నేను ఒక్క మాట దిద్దలేదు. వేస్తావా? ఉద్యోగం మీదికి వస్తుందనుకుంటే వద్దు, నేను నొచ్చుకోను. కానీ ఆ సంతకం మాత్రం వెనక్కి తీసుకో అక్కా. సదస్సులో వాళ్ళు అది చదివితే నేను అబద్ధమనే చెప్తాను. నువ్వు ముందే చెప్తే బావుంటుంది.

నీ తమ్ముడు

ఏప్రిల్ 15

ఒరేయ్,

ఉరుముగారిని నేను చూడలేదు గానీ, నాకు బాగా కావలసిన మనిషని అర్థమైంది. నా తరఫున కూడా ఆవిడే నీకు గడ్డి పెట్టినందుకు ధన్యవాదాలు చెప్పు.

సూపరింటెండెంటుకి రాసేశాను. "అయ్యా, నేను సంతకం పెట్టిన కాగితం అబద్ధం. కరపత్రం నిజం. నా తమ్ముడి మీద ప్రేమతో పెట్టిన సంతకాన్ని మీరు వాడుకుంటే అది మీ మర్యాదకు తగదు" అని. జవాబు రాలేదు. రాదు కూడా.

కరపత్రం సంగతి. ప్రెస్సు యజమానికి నేరుగా చూపించాను. చదివాడు. "నా యంత్రం మీద ఇది పడితే నువ్వూ మీ ఆయనా ఇంకో చోటు చూసుకోండి" అన్నాడు. మీ బావ గురించి నీకు తెలుసుగా, నోట్లో నాలుక లేని మనిషి. ఆ మనిషి ఏప్రాను విప్పి మడిచి, అక్షరాల పెట్టె మీద పెట్టి, "చూసుకుంటామండీ" అన్నాడు. అంతే. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. నేను జిగురు చేతులు తుడుచుకుని వెనకాలే నడిచాను. నడుస్తుంటే భయమేసింది, నీకు అబద్ధం చెప్పను. గేటు దాటాక ఇద్దరికీ నవ్వొచ్చింది.

పెళ్ళి శుభలేఖలు వేసే ఒకాయన దగ్గర పాత చేతి ప్రెస్సు ఉంది. ఆదివారం మాకు వదిలేశాడు. మీ బావ పేర్చాడు, నేను పిడి లాగాను. భుజాలు ఇప్పటికీ నొప్పే. ఇరవై ఏడు పేర్లూ వేశాం, ఎవరి పేరూ చిన్న అక్షరాల్లో లేదు. అట్టడుగున మా ఇద్దరి పేర్లూ, ఇంటి అడ్రసూ వేశాం. పోయినసారి ఆవిడ చేతుల్ని ఊరికి చూపించి మా పేర్లు మాత్రం దాచుకున్నాం. అది గుర్తొస్తే ఇప్పటికీ మొహం చెల్లడంలేదు.

పార్శిలు రేపటి రైలుకి వస్తుంది. మే నెలలో నేను కూడా వస్తాను. వాళ్ళు నీ తల మీద చేతులుంచుతారో, మెడ మీద ఉంచి గెంటుతారో, ఏదైనా ముందు వరసలోంచే చూస్తాను.

అక్క

మే 14

అక్కా,

మీరిద్దరూ రైలెక్కేముందు నువ్వు పడిపోయి కాలు మడత పడిందని బావ రాసిన కార్డు సదస్సు అయిపోయాక అందింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నువ్వేనేమోనని చూశాను. రాలేదే అని మనసులో తిట్టుకున్నాను కూడా. క్షమించు. కాలు కింద పెట్టకు. ఏం జరిగిందో అంతా చెప్తాను.

నా పేరు పిలిచారు. ఆక్షేపణ ఉందా అన్నారు. సూపరింటెండెంటు లేచాడు. మాట తేలేదాకా నేను బయట ఉండటం పద్ధతి. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. తర్వాత లోపలికి పిలిచారు. సదస్సు నడిపే బిషప్పుగారు నెమ్మదస్థుడు, నాకు మంచి జరగాలనే అనుకున్నాడు. నువ్వు సంతకం పెట్టిన ఆ కాగితం పట్టుకుని, "ఇది మీ అక్కగారి సంతకమేనా?" అన్నాడు. అవునన్నాను. "ఇంకేం, విషయం ముగిసింది. మీరు తల ఊపితే చాలు" అన్నాడు.

నూట ఎనభై మంది నా తల వంకే చూస్తున్నారు.

"అయ్యా, మా అక్క జన్మలో రాసిన అబద్ధం అదొక్కటే. అది కూడా నాకోసం. అది తప్పని ఆవిడే సూపరింటెండెంటు గారికి రాసింది, ఆ ఉత్తరం కూడా చదవమనండి" అన్నాను. సూపరింటెండెంటు కాగితాలు సర్దుకున్నాడు. చదవలేదు. నోటుపుస్తకం ఏదని అడిగాడు. జేబులోంచి ఖాళీ అట్ట తీసి బల్ల మీద పెట్టాను. "పేజీలు ఎవరివి వాళ్ళ దగ్గరే ఉన్నాయి. పేర్లు కావాలంటే ఇవిగో, వాళ్ళే అచ్చు వేయించుకున్నారు" అని కరపత్రం తీసి ఇరవై ఏడు పేర్లూ చదివాను. మధ్యలో ఎవరో కూర్చోమన్నారు. అందరివీ అయ్యాకే కూర్చున్నాను.

"ఒక్క తప్పు చేశాను. ఒకావిడ మాటను ఆవిణ్ణి అడక్కుండా బయటపెట్టాను. దానికి ఆవిడ నన్ను మందలించింది, క్షమించింది. మీకు మాత్రం నేను క్షమాపణ బాకీ లేను" అన్నాను.

ఓటు వేశారు. జాబితాలోంచి నా పేరు కొట్టేశారు. పందొమ్మిది మంది మాత్రం చెయ్యెత్తలేదు, పరీక్ష రోజు నవ్విన ఇద్దరూ వాళ్ళలో ఉన్నారు. చర్చి ఇచ్చిన ఇల్లు ఖాళీ చేయమన్నారు, చేశాను. ఇకమీద ఎక్కడా ప్రసంగించకూడదన్నారు. ఆ ఒక్కటీ కుదరదన్నాను. నన్ను చదివించింది వాళ్ళు కాదు, నోరు మూసుకోమనడానికి. బాధగా లేదా అంటే ఉందక్కా. నువ్వు చూడాలనుకున్నది నీకు చూపించలేకపోయాను. వరండాలో కాసేపు ఏడ్చాను కూడా. తర్వాత మొహం కడుక్కుని లాండ్రీకి నడిచాను.

అక్కడ ఏం జరిగిందో విని ఉండవు. సోమవారం పొద్దున్న కాపలావాడు మడతల గది తలుపు వేయబోతుంటే, గేటు దాటి ఎలా వచ్చిందో గానీ, ఉరుము గడప మీద కూర్చుంది. లేవమంటే లేవలేదు. లోపల ఇరవై ఆరుమంది పని ఆపకుండా దుప్పట్లు మడుస్తూనే ఉన్నారు, అరవడానికి యజమానికి వంక దొరకలేదు. ఆస్పత్రి బండ్లు వాకిట్లో నిలబడి ఉన్నాయి, అందరినీ పంపేస్తే దుప్పట్లు మడిచేవాళ్ళు లేరు. సాయంత్రం దాకా తలుపు తెరిచే ఉంది. మర్నాడు ఇంకొకావిడ కూర్చుంది. రోజుకొకరు చొప్పున వంతు వేసుకున్నారు. తెల్లారేసరికి తాళం తెచ్చేవాడు తెస్తూనే ఉన్నాడు, అది వేయడానికి చోటు లేదు.

ఇవాళ నా వంతు. కుర్చీ ఇమ్మంటే ఉరుము ఇవ్వలేదు, కుర్చీ అయితే ఎత్తి పక్కన పెడతారట. నేలమీదే కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టి రాస్తున్నాను. ఒక వైపు ఆవిరి, ఒక వైపు ఎండ. గడప మీద ఎవరు కూర్చున్నా ఆ పూట ఏదో ఒకటి మాట్లాడాలని వాళ్ళే నియమం పెట్టారు, కాబట్టి ఇందాక ప్రసంగం కూడా అయింది. లోపల వాళ్ళు మడుస్తూ విన్నారు, బయట బండ్ల వాళ్ళు నిలబడి విన్నారు.

కాపలావాడు ఇటే వస్తున్నాడు. వెనకాల యజమాని, ఆయన వెనకాల సూపరింటెండెంటు కూడా ఉన్నారు. లేవమంటారు.

లేవను.

నీ తమ్ముడు